చీర మార్చమని వెళ్తే నలుగురిలో మాటలన్నారు, ఇప్పుడేం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అక్క పెళ్ళికని 14,200 రూపాయలు పెట్టి పట్టుచీర కొన్నారు. మొదటిసారి కట్టుకున్న రోజే మెరూన్ అంచు రంగు దిగి మీగడరంగు చీరంతా మరకలయ్యాయి. శనివారం సాయంత్రం అమ్మగారిని వెంటబెట్టుకుని షాపుకి వెళ్తే సేల్స్‌మన్ "ఆ రేటుకి అంతే వస్తుంది, చెమట పట్టేవాళ్ళు కాటన్ కట్టుకోవాలి" అన్నాడు. ఇన్‌ఛార్జి వచ్చి బిల్లు వెనక్కి తిప్పి, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న లైను మీద వేలు పెట్టి "చదువుకున్నవాళ్ళే కదా, ఇది కనపళ్ళేదా" అన్నాడు. చుట్టూ జనం. అమ్మగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మీరు చీర సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశారు. అక్కడే గట్టిగా నాలుగు మాటలు అని రావాల్సిందా, ఫేస్‌బుక్‌లో పెట్టాలా, పోనీలే అని వదిలేయాలా అని అడిగారు.

ఆ మూడింటిలో ఏదీ చేయకండి. చీర కొని 19 రోజులే అయిందన్నారు కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. కానీ ఎక్కువ లేదు.

నేను 26 ఏళ్ళు బట్టల షాపుల్లోనే బతికాను. రాజమండ్రి తాడితోటలో మడతలు పెట్టే కుర్రాడిగా చేరి, సేల్స్‌మన్ అయ్యి, విజయవాడలో ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా పనిచేసి మానేశాను. మీరు చెప్పిన ఇన్‌ఛార్జి కుర్చీలో ఏడేళ్ళు కూర్చున్నవాణ్ణి. అందుకే లోపలి సంగతి ముందు చెప్తాను. అది తెలిస్తే మీ మనసులో గుచ్చుకున్నది సగం తగ్గుతుంది.

వాపసు తెచ్చినవాళ్ళ మీద విసిరే మాట ఎప్పుడో గాని కోపంతో వచ్చేది కాదు. ఆ మాటకి ఒక పని ఉంది. నేను చేసిన చోట దాన్ని ఎవరూ కాగితం మీద రాసి నేర్పలేదు. పాతవాళ్ళని చూసి కొత్తవాళ్ళు నేర్చుకునేవారు. వాపసు సంచి కనపడగానే ముందు కాసేపు పట్టించుకోకూడదు. తర్వాత "ఎలా ఉతికారు, దేంతో ఉతికారు, ఎండలో వేశారా" అని అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగాలి. గొంతు కొంచెం పెంచాలి, పక్క కౌంటర్ వాళ్ళకి వినపడేలా. ఇంత చేస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. కొందరు సిగ్గుపడి వెళ్ళిపోతారు. కొందరు ఎదురు తిరిగి అరుస్తారు. అరిచారంటే ఇక గొడవ చీర గురించి కాదు, అరవడం గురించి. "మా స్టాఫ్‌ని తిడతారా, ఇక్కడ ఆడపిల్లలు పనిచేస్తున్నారు" అని ఓనరు కూడా స్టాఫ్ పక్కనే నిలబడతాడు. ఎలా చూసినా చీర మీ సంచిలోనే ఉంటుంది, డబ్బు గల్లాపెట్టెలోనే ఉంటుంది.

సేల్స్‌మన్ అలా మాట్లాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను చేసిన రెండు చోట్ల వాపసు వచ్చిన పీస్ విలువ అది అమ్మినవాడి ఇన్సెంటివ్‌లోంచి కోసేవారు. అంటే మీ చీర వెనక్కి వస్తే వాడికి ఆ నెల నష్టం, పైగా చీర వెనక్కి తీసుకునే అధికారం వాడికి లేదు. అధికారం లేనివాడితో, పైగా నష్టపోయేవాడితో ఎంతసేపు వాదించినా గోడకి చెప్పినట్టే. ఇది వాడన్న మాటని సమర్థించడానికి చెప్పడంలేదు. అమ్మగారి ముందు అన్న ఆ చెమట మాట నీచమైన మాట. నా కింద పనిచేసేవాడు అని ఉంటే ఆ రోజే కౌంటర్ నుంచి తీసి స్టాకు గదిలో వేసేవాణ్ణి.

ఇలాంటి చోట ఎలా నిలబడాలో నాకు చూపించింది ఒక పెద్దావిడ. 2009 శ్రావణమాసం, శుక్రవారం ముందురోజు. కాలు పెట్టడానికి చోటు లేనంత గిరాకీ. అరవై దాటిన ఆవిడ 900 రూపాయల చీర ఒకటి పట్టుకుని వచ్చింది. మావాడు మామూలుగానే "పోవమ్మా, ఇవాళ కాదు, ఉతికి తెస్తే మేమేం చేస్తాం" అన్నాడు. ఆవిడ ఒక్క మాట తిరిగి అనలేదు. చీర మడత విప్పి కౌంటర్ మీద పరిచింది. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి తెల్ల చేతిరుమాలు తడుపుకొచ్చి, అందరూ చూస్తుండగా అంచు మీద నాలుగుసార్లు రుద్దింది. రుమాలు ఎర్రగా అయింది. దాన్ని చీర పక్కనే పెట్టి స్టూలు మీద కూర్చుంది. "మీ బేరాలు చూసుకోండి నాయనా, నాకేం తొందరలేదు, నా పని ఆఖర్నే చూడండి" అంది. అంతే. అదే రంగు అంచు చీర చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు రుమాలు వంక చూశారు, చీర కింద పెట్టేశారు. పావుగంటలో ఓనరే పైనుంచి దిగివచ్చి ఆవిడకి డబ్బు ఇప్పించాడు. మావాడన్న మాట ఆవిడకి తగల్లేదని నేననుకోను. దాన్ని పట్టుకుంటే చీర జారిపోతుందని ఆవిడకి తెలుసు.

మీరు చేయాల్సిందీ అదే. మళ్ళీ వెళ్ళాలి, చీర గురించి తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు. వెళ్ళేముందు కొన్ని పనులున్నాయి.

మొట్టమొదటిది, ఆ చీరని ఉతకొద్దు, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వొద్దు, రోలింగ్ చేయించొద్దు. మరక పోతుందేమోనని చాలామంది చేసే పొరపాటు ఇదే. ఉతికితే లోపం మీ మీదికి వస్తుంది. నూలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. పగటి వెలుగులో ఫొటోలు తీయండి: మరక దగ్గరగా ఒకటి, చీరంతా ఒకటి, ట్యాగ్, సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే అది, బిల్లు రెండు వైపులా. బిల్లు రంగు వెలిసిపోయే కాగితమైతే ఈరోజే జిరాక్సు తీయించండి, ఆ కాగితాలు కొన్ని నెలల్లోనే తెల్లబడిపోవచ్చు. ఫోన్‌పేలో గాని కార్డు మీద గాని కట్టి ఉంటే ఆ లావాదేవీ కూడా దాచండి. అక్క పెళ్ళిలో మీరు ఆ చీరతో దిగిన ఫొటోల్లో మరక కనిపించేది ఉంటే అది బంగారం లాంటిది, తేదీతో సహా ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది చాలామంది ఆలోచించరు. శనివారం సాయంత్రం అస్సలు వద్దు. పొద్దున్నే షటర్ తీయగానే కూడా వద్దు. బోణీ కాకముందు వాపసు సంచి చూస్తే మంచి యజమాని మొహం కూడా మాడిపోతుంది. దీపాలు పెట్టే వేళ గల్లా లోంచి డబ్బు తీసి ఇవ్వడానికి ఇష్టపడనివాళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఎక్కువే. ఆ నమ్మకాలు మీకు ఉన్నా లేకపోయినా ఇవ్వాల్సిన చెయ్యి వాళ్ళది. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. భోజనాలు అయి ఉంటాయి, గిరాకీ పలచగా ఉంటుంది, ఓనరో మేనేజరో గల్లా దగ్గర తీరిగ్గా ఉంటారు.

లోపలికి వెళ్ళాక పాత సేల్స్‌మన్ దగ్గరికి పోకండి. తిన్నగా గల్లా దగ్గరికి వెళ్ళి "వాపసు విషయంలో నిర్ణయం తీసుకునేవారు ఎవరండీ, వారితో మాట్లాడాలి" అనండి. "నాతో చెప్పండి" అని ఎవరైనా అడ్డొస్తే "మీరు డబ్బు వాపసు ఇప్పించగలరా అండీ?" అని అడగండి. కాదంటే "అయితే ఇప్పించగలిగేవాళ్ళు వచ్చేదాకా కూర్చుంటాను" అని కూర్చోండి. నిలబడొద్దు. నిలబడ్డ మనిషి తొందరలో ఉన్నట్టు కనపడుతుంది, కూర్చున్న మనిషి తేల్చుకోవడానికి వచ్చినట్టు కనపడుతుంది.

ఆయన వచ్చాక చీర విప్పి పరచండి, తడి రుమాలుతో రుద్ది చూపించండి. "ఫలానా తేదీన కొన్నాను, ఒక్కసారే కట్టాను, నీళ్ళు తగల్లేదు, రంగు దిగింది. డబ్బు వాపసు కావాలి" అనండి. నాలుగు ముక్కలు, అంతే. ఎవరైనా మళ్ళీ ఎత్తిపొడిస్తే "అలా మాట్లాడకండి. చీర సంగతి చెప్పండి" అనండి, అదే గొంతుతో. రెండోసారి అన్నా అదే మాట. మూడోసారి అన్నా అదే మాట. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకుని వెళ్ళండి. నలుగురి ముందు గొంతు వణకకుండా ఉండాలంటే ఆ మాట ముందే నోటికి అలవాటు కావాలి.

"ఫాల్ కొట్టించేశారుగా, ఇక తీసుకోం" అంటారు. ఫాల్ లేకుండా చీర ఎవరూ కట్టరు, కట్టకుండా ఈ లోపం బయటపడదు. ఆ ముక్కే చెప్పండి. "క్రెడిట్ నోట్ ఇస్తాం" అంటే అప్పుడు మీ ఇష్టం. మీకు ఆ షాపులో ఇంకేదైనా కొనే మనసుంటే తీసుకోవచ్చు, గడువు ఎప్పటిదాకానో చూసుకుని తీసుకోండి. మనసు లేకపోతే మొహమాటపడకండి. లోపమున్న సరుక్కి డబ్బే అడగొచ్చు.

ఎందుకు అడగొచ్చో చెప్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. అందులో అనుచిత వ్యాపార పద్ధతులు ఏమిటో చెప్పే సెక్షన్ 2(47)లో ఒక మాట ఉంది: లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. అందుకే 19 రోజులు అన్నప్పుడు వ్యవధి ఉందన్నాను. బిల్లు వెనక అచ్చు వేయించుకున్న ఆ లైను ఈ చట్టాన్ని కొట్టెయ్యలేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద తప్పు.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. రంగు నచ్చలేదు, అత్తగారికి నప్పలేదు, పక్క షాపులో తక్కువకి దొరికింది అంటే ఇవేవీ లోపాలు కావు. అప్పుడు మార్చడం, మార్చకపోవడం షాపు వాళ్ళ నియమాల ప్రకారమే. అలాంటప్పుడు చట్టం పేరెత్తితే మన మాట తేలిపోతుంది. మీ చీరది మాత్రం స్పష్టంగా లోపమే.

షాపులో పని జరగకపోతే గొడవ పడకుండా ఒక ఉత్తరం ఇచ్చి రండి. ముందే రాసి రెండు ప్రతులు తీసుకెళ్ళండి. తెలుగులోనే రాయండి, ఏ ఇబ్బందీ లేదు. "ఫలానా తేదీన, ఫలానా నంబరు బిల్లు కింద మీ వద్ద పట్టుచీర కొన్నాను. మొదటిసారి కట్టినప్పుడే అంచు రంగు దిగింది. ఫలానా తేదీన ఒకసారి, ఈరోజు మరోసారి తెచ్చి చూపించాను. మీ సిబ్బంది తీసుకోలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రూ.14,200 వాపసు ఇవ్వగలరు. లేని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను." అంతకంటే ఒక్క వాక్యం ఎక్కువ వద్దు. ఒకటి వాళ్ళకిచ్చి, రెండో దాని మీద సంతకమో ముద్రో వేయించుకోండి. సంతకం పెట్టనంటే, ఇంటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. శనివారం మీరు వెళ్ళినట్టు మీ దగ్గర కాగితం ముక్క లేదు. 30 రోజుల్లోపే అడిగినట్టు రుజువు ఉండాలంటే ఈ ఉత్తరం ఆలోగానే వాళ్ళకి చేరాలి.

తర్వాత 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు రాసుకుని నంబరిస్తారు, షాపు వాళ్ళని సంప్రదిస్తారు. పెద్ద షోరూములు, గొలుసు దుకాణాలు అయితే చాలావరకు ఇక్కడే తెగిపోతుంది. ఊరి షాపు అయితే బదులివ్వకపోవచ్చు. అప్పుడు జిల్లా కమిషన్‌కి వెళ్ళండి. మనవాళ్ళు ఇంకా ఫోరం అనే అంటారు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కొన్న ఊళ్ళోనే వేయాలని లేదు, మీరు ఉంటున్న జిల్లాలో వేయొచ్చు. కాబట్టి విజయవాడలో కొన్నా ఏలూరులో వేసుకోవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. ఇప్పుడు ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి దగ్గర్నుంచే దాఖలు చేసే వీలుంది. అవసరమైతే కమిషన్ చీరని లేబొరేటరీ పరీక్షకి పంపుతుంది. ఉతకొద్దని అంత గట్టిగా చెప్పింది అందుకే. పరీక్ష అక్కర్లేని కేసులు మూడు నెలల్లో, పరీక్ష కావాల్సినవి ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెప్తుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి. కానీ కమిషన్ నోటీసు గల్లా మీద పడ్డ రోజు యజమాని ఎలా మాట్లాడతాడో నేను పక్కనుండి చూశాను. మూడు వారాలు ఫోన్ ఎత్తనివాడు సాయంత్రానికల్లా కొన్నావిడ ఇంటికి మనిషిని పంపాడు.

అమ్మగారిని అన్న మాటకి విడిగా ఏమైనా ఉందా అని మీరు అడిగారు. దురుసుగా మాట్లాడితే ఇంత జరిమానా అని ప్రత్యేకంగా సెక్షన్ లేదు. అయితే వాపసు నిరాకరించిన తీరుని, అందరి ముందు అన్న మాటల్ని ఫిర్యాదులో ఉన్నవున్నట్టు రాసి మానసిక వేదనకి పరిహారం అడగొచ్చు, కమిషన్లు ఇస్తూనే ఉంటాయి. కొన్ని మాటలు మాత్రం వినియోగదారుల చట్టం పరిధి దాటిపోతాయి. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో నలుగురిలో తిట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆడవాళ్ళని అసభ్యంగా అనడం నేరం. దొంగతనం అనుమానమని ఆపితే పక్క గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి, "పోలీసుల్ని పిలవండి" అని అక్కడే నిలబడి మీరే 112కి చేయండి. షాపు వాళ్ళకి మీ ఒళ్ళు తడిమి చూసే అధికారం లేదు. ఇలాంటి చోట నేను చెప్పిన ఓర్పు సలహా వర్తించదు.

ఫేస్‌బుక్ సంగతి. డబ్బు విషయం తేలేదాకా పెట్టొద్దు. తర్వాత పెడితే తేదీ, సరుకు, లోపం, వాళ్ళు చెప్పిన సమాధానం రాయండి. "దొంగలు, మోసగాళ్ళు" అని రాస్తే పరువు నష్టమని వాళ్ళు తిరిగి పట్టుకుంటారు. కౌంటర్‌లో ఉన్న పిల్లల మొహం మీదికి ఫోన్ పెట్టి వీడియో తీయడం అసలే వద్దు.

ఆ పిల్లల గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు మనసొప్పదు. పండగ సీజన్లో పొద్దున పదింటి నుంచి రాత్రి పదిదాకా నిలబడే ఉండేవాళ్ళం. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనిచ్చేవారు కాదు. మడమలు పగిలి, కాళ్ళ నరాలు ఉబ్బి ఇప్పటికీ రాత్రుళ్ళు నొప్పి. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో అక్కడ చట్టం మార్చారు, 2021లో తమిళనాడు కూడా మార్చింది. అరవై చీరలు విప్పించి ఒకటీ కొనకుండా వెళ్ళినా పర్లేదు, అది మా పని. కానీ "ఏయ్ అబ్బాయ్" అని చిటికె వేసినవాళ్ళని నేను ఇరవయ్యేళ్ళయినా మర్చిపోలేదు. మీరు అలాంటివారు కాదని మీ రాతలోనే తెలుస్తోంది. మీరు వెళ్ళినప్పుడు ఆ సేల్స్‌మన్ ఎదురుపడితే వాణ్ణి ఏమీ అనకండి. మేనేజరు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాక మాత్రం నెమ్మదిగా చెప్పండి: "ఆ రోజు మా అమ్మని అన్న మాట బాలేదండీ. మీరు వాళ్ళకి చెప్పాలి." మేనేజరుకి ఆ మాట వినాల్సిన అవసరం ఉంది. నాకు ఎవరైనా అలా చెప్పిన రోజున కౌంటర్ వాళ్ళతో నిజంగానే మాట్లాడేవాణ్ణి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క ముక్క. కస్టమర్ కేర్ వాళ్ళు ఫోన్ మధ్యలో పెట్టేస్తుంటే మళ్ళీ మళ్ళీ చేసి ఒళ్ళు వేడెక్కించుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైట్లో ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆయనకి మెయిల్ పెట్టండి.

ఇక మీ పని. ఈరోజు ఫొటోలు, జిరాక్సులు. రేపు ఉత్తరం రెండు ప్రతులు. బుధవారం మూడింటికి షాపు. ఒక తెల్ల చేతిరుమాలు, చిన్న మంచినీళ్ళ సీసా సంచిలో పెట్టుకోండి. అమ్మగారు రానంటారేమో, బతిమాలైనా సరే తీసుకెళ్ళండి. వెళ్ళగానే ముందు ఆవిడకి కుర్చీ అడగండి, ఆవిడ కూర్చున్నాకే చీర మడత విప్పండి. ఏం జరిగిందో గురువారం ఇక్కడ రాయండి. ఉత్తరం మీద సంతకం పెట్టకపోతే తర్వాతి కాగితం నేనే రాసిస్తాను.